పేరు పిలవని పొద్దు

వికారాబాదు బస్టాండులో తాండూరు బస్సెక్కగానే భీమప్ప చేసే మొదటి పని పక్క సీటు మీద తువ్వాల వేయడం. ఎవరైనా వచ్చి "ఎవలన్న ఉన్నరా?" అని అడిగితే "ఉన్నడు" అంటాడు. అడిగినవాళ్లు కాసేపు చూస్తారు. బస్సు కదులుతుంది, ధారూరు దాటుతుంది, ఆ ఉన్నవాడు మాత్రం రాడు. పాత కండక్టర్లకు ఈ సంగతి అలవాటైపోయి ఊరుకునేవాళ్లు. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశాక బస్సులు కిటకిటలాడుతున్నాయి, ఇప్పుడు తువ్వాలతో సీటు కాపాడుకోవడమంటే చిన్న యుద్ధమే. డెబ్బై నాలుగేళ్ల ముసలాయన, భుజాల దాకా జుట్టు, నుదుట అణా బిళ్లంత బొట్టు, లేని మనిషికి సీటు పట్టి సింహాసనం మీద ఉన్నట్టు కూర్చుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మండిన వాళ్లు తిడతారు. భీమప్ప తిట్లన్నీ వింటాడు గానీ తువ్వాల తీయడు.

పిచ్చి అనుకుని వదిలేస్తే మాత్రం ఈయన అర్థం కాడు. గొర్ల బేరంలో భీమప్పను మోసం చేసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మంద అమ్మేశాక వికారాబాదులో ఒక ప్రైవేటు బడి దగ్గర పదిహేనేళ్లు వాచ్‌మన్‌గా చేశాడు. ఒక్క పూటైనా నిద్రపోయాడన్న మాట పడలేదు. అందులో ఆయన గొప్పేమీ లేదు, నిద్ర పడితే కదా పోవడానికి. కళ్లు మూస్తే చాలు, దగ్గర్లోనే గాజుల చప్పుడు. మట్టిగాజులున్న చేత్తో ఎవరో ముఖం గోక్కుంటున్నట్టు. ముప్పై మూడేళ్లుగా అదే చప్పుడు. కొత్తలో భార్య ఎంకమ్మ అవి తన గాజులేనేమో అనుకుని, తీసి గూట్లో పెట్టి పడుకుంది. "గిప్పుడు ఇనబడుతున్నదా?" అని అడిగింది. వినబడుతోందన్నాడు. ముత్తైదువ చేత గాజులు తీయించావని ఆమె నాలుగు రోజులు తిట్టిపోసి, ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

భీమప్ప పుట్టింది కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గరి పల్లెలో, గొర్లు కాసే ఇంట్లో. చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. గొంతు మాత్రం ఎవరు ఆపినా ఆగేది కాదు. గుట్ట మీంచి అదిలిస్తే అవతలి కంచెలో మేసే గొర్రె తలెత్తేది. ఆ గొంతు విని హార్మోనియం పంతులు పట్టుకున్నాడు. పంతులు అసలు పేరేమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చంకలో చేతిరాత పుస్తకాల మూట పెట్టుకుని ఊరూరూ తిరుగుతూ పద్యనాటకాలు నేర్పేవాడు. మర్పల్లి నుంచి తాండూరు దాకా ఏరి ఏరి ఒక మేళం కట్టాడు. అందులో భీమప్పకు రాజు వేషం దక్కింది. తాండూరు నుంచి వచ్చిన ఈరయ్యకు రాణి వేషం.

ఈరయ్య నాపరాళ్ల గనిలో కూలి. పొద్దంతా సుత్తె పట్టిన చేతులు, చీర కట్టి గాజులు వేసుకునేసరికి ఎట్లా అంత నాజూకుగా తిరిగేవో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒకసారి సరిహద్దు అవతల, కన్నడం మాట్లాడే ఊర్లో ఆడినప్పుడు, ఆట అయ్యాక ఒక అవ్వ తెర వెనక్కి వచ్చి రాణిగారికి పసుపు కుంకుమ పెట్టిపోయింది. ఈరయ్య వెలుగుతున్న బీడీని వెనక దాచుకుని మరో చేత్తో కొంగు పట్టాడు. ఆ మాట చెప్పుకుని మేళమంతా నెల రోజులు నవ్వింది.

ఇద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్లు. చుట్టరికం ఏమీ లేదు. తెర ముందు మొగుడూ పెళ్లాలు కాబట్టి తెర వెనక కూడా పరాచికం అట్లాగే సాగేది. ఆటకు పోయేటప్పుడు బస్సు ముందెక్కినవాడు రెండోవాడికి తువ్వాల వేసి సీటు పట్టాలి, అది వాళ్ల ఒప్పందం. సీట్లో కూర్చున్నాక ఈరయ్య నిద్రపోయేవాడు. భీమప్ప కిటికీ బయటికి చూస్తూ పద్యాలు వల్లెవేసేవాడు.

మేళానికి పేరు తెచ్చింది వజ్రకేతు నాటకం. పంతులు స్వయంగా రాసింది. వజ్రకేతు మహారాజు చాడీలు విని, రాణి కాంచనవల్లిని తన కత్తితోనే చంపుకుంటాడు. నిజం తెలిశాక శవం దగ్గర కూలబడి పదకొండు పద్యాలు పాడతాడు. ఆ పదకొండూ భీమప్పవి. పదకొండూ అయ్యేదాకా ఈరయ్య కదలకుండా పడి ఉండాలి. దోమ కుట్టినా, చీమ పాకినా, తుమ్ము వచ్చినా సరే.

ఈ నాటకానికి పంతులు పెట్టిన కట్టడి ఒకటుంది. ఆటలో చచ్చినవాణ్ని చంపినవాడే లేపాలి. తెర పడ్డాక చచ్చినవాడు తనంతట తాను ముఖం కడుక్కోకూడదు. పోయి వేషాల ట్రంకుపెట్టె మీద కూర్చోవాలి. చంపినవాడు చెంబుతో నీళ్లు తెచ్చి, వేషం పేరుతో కాకుండా తల్లిదండ్రులు పెట్టిన పేరుతో, ఊరి పేరు కూడా చేర్చి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకు అవతలివాడు "ఉన్న" అనాలి. అప్పుడు చేతుల మీద నీళ్లు పోస్తే, ముఖానికి పూసిన పసుపుపచ్చ అర్దళం కడుక్కుని ఇంటికి పోవచ్చు. "చచ్చింది వేషంరా, మనిషి గాదు. గా ముచ్చట మనిషికి చెప్పి తోలియ్యాలె. చెప్పకుంటే చావు గూడ వాని ఎంబడి ఇంటికి పోతది" అనేవాడు పంతులు. మేళంలో కుర్రకారు నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటూనే పిలిచేవాళ్లు. భీమప్ప వంద ఆటల పైన ఆడాడు, ఒక్కసారీ తప్పలేదు.

తప్పింది మర్పల్లి దిక్కు ఒక ఊర్లో. ఎండాకాలం. ఆ ఆటలో ఈరయ్య చచ్చిన తీరు చూసి ముందు వరసలో ఆడవాళ్లు బావురుమన్నారు. ఊరి పెద్దమనిషి ఒకాయన ఆగలేక, భీమప్ప మూడో పద్యంలో ఉండగానే పైకెక్కి, చచ్చి పడి ఉన్న రాణికి శాలువా కప్పాడు. ఆయన్ని చూసి ఇంకొకరు దండ తెచ్చారు. ఇంకొకరు, ఇంకొకరు. శవం చుట్టూ జనం. పక్కనే రాజు ఏడుస్తున్నాడు, రాజును చూసే నాథుడు లేడు. ఏడో పద్యం దగ్గర భీమప్ప గొంతు ఆపేశాడు. ఐదు పద్యాలు మింగేశాడు. ఎవరూ గమనించలేదు, అదే ఆయన కడుపు మండించింది.

తెర పడేసరికి తెల్లవారుతోంది. ఈరయ్య శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. ఎండిన అర్దళం దురద పెడుతుంటే గాజుల చేత్తో చెంప గోక్కుంటున్నాడు. "బావా, పిలువ్ బావా. ముఖం గుంజుతున్నది" అన్నాడు.

భీమప్పకు స్పష్టంగా వినబడింది. చెంబు చేతిలోనే ఉంది. జరసేపు కూసోనీ, శాలువలు కప్పించుకున్న రాణిగారు, అనుకున్నాడు. చెంబు కింద పెట్టి, వినబడనట్టే బయటికి నడిచాడు. పటేలు ఇంట్లో చాయ్ ఇచ్చారు, తాగాడు. వికారాబాదు పోయే జీపు కనబడితే ఎక్కేశాడు. శనివారం మళ్లీ ఆట ఉంది, అప్పుడు పిలుద్దాంలే అనుకున్నాడు. జీపులో హాయిగా నిద్రపోయాడు కూడా. ఆయన బతుకులో అదే ఆఖరి మంచి నిద్ర.

ఆ మధ్యాహ్నమే తాండూరులో గని అంచున ఉన్న బండ పెళ్ల విరిగి ఈరయ్య మీద పడింది.

కబురు అంది భీమప్ప పరుగున తాండూరు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఇంటి ముందు ఈరయ్యను పడుకోబెట్టారు. ముఖం శుభ్రంగా ఉంది. ఎడమ చెవి వెనక మాత్రం గోరంత పసుపు. అది అర్దళమని అక్కడున్న వాళ్లలో ఒక్క భీమప్పకే తెలుసు. అప్పుడైనా చెంబుడు నీళ్లు తెచ్చి పిలవాల్సింది. చుట్టూ ఏడుస్తున్న జనం, గని కూలీలు, పోలీసులు. వాళ్ల ముందు శవాన్ని పేరు పెట్టి పిలవడానికి ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు గుర్తొచ్చినప్పుడల్లా భీమప్ప ఇప్పటికీ తన చెంప తానే కొట్టుకుంటాడు. పంతులు ఒకే ఒక్క మాటన్నాడు. "పొద్దెక్కేదాక పెట్టె మీదనే కూసున్నడురా." ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ ప్రస్తావన తేలేదు.

తర్వాత కూడా భీమప్ప వజ్రకేతు వేషం కట్టాడు, కానీ రాణిని చంపలేదు. కత్తి ఎత్తి, ఒరలో పెట్టేసి, రాణిని అడవికి పొమ్మనేవాడు. చంపుడు లేదు, శవం లేదు, పదకొండు పద్యాలూ లేవు. జనం ఈలలు వేశారు. "చంపని రాజు" అని పేరు పడిపోయింది. ఏ ఊర్లో ఆడినా, వేషం కట్టుకునే చోట వెనక ట్రంకుపెట్టె మీద ఎవరో కూర్చున్నట్టే ఉండేది. ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరూ లేకపోతే భయం లేదు, ఉంటే ఏం చెప్పాలో తెలియదు. తర్వాత మెల్లగా మేళం చెదిరిపోయింది, టీవీలొచ్చాయి, ట్రంకుపెట్టె భీమప్ప ఇంట్లో మూలకు చేరింది. దాని మీద ఎంకమ్మను కూడా కూర్చోనిచ్చేవాడు కాదు.

ఈ ఏడు చలికాలంలో మల్లిక వచ్చింది. ఈరయ్య మనవరాలు. తాండూరులో ఒక బడిలో తెలుగు పంతులమ్మ. ఇరవై ఆరేళ్ల పిల్ల, స్కూటీ మీద వచ్చింది.

"తాతా, మా తాత నాటకం ఆడాలె. తాండూర్ల, మా బడి గ్రౌండుల. రాణి వేషం నాది, రాజు నువ్వే."

"నాకు పండ్లూడిపోయినయ్ బిడ్డా. పద్యం పాడితే గాలే వస్తది."

"కట్టుడు పండ్లు పెట్టుకో. గానీ ఒక్కటి, చంపుడు ఉండాలె. నువ్వు చంపుడు తీసేసినవంట గద?"

భీమప్ప కుదరదన్నాడు. వయసన్నాడు, మోకాళ్లన్నాడు, చివరికి లేచి లోపలికి పోబోయాడు. మల్లిక సంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీసి చేతిలో పెట్టింది. ఈరయ్య రాత, పెన్సిల్‌తో. కాంచనవల్లి పద్యాలన్నీ రాసుకున్నాడు, అది సరే. వాటి వెనక, రాజు పాడే పదకొండు పద్యాలూ ఉన్నాయి. శవంగా పడి ఉండే మనిషికి వాటితో పనేమిటి? విని విని కంఠతా పట్టి రాసుకున్నాడు. ఏడో పద్యం పక్కన సన్నగా ఇంకో మాట. ఇక్కడ బావ గొంతు వణుకుతది, నాకు ఏడుపొస్తది, కండ్లు గట్టిగ మూసుకోవాలె.

భీమప్ప ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. ఆ రోజు తన పాట ఎవరూ వినలేదని అలిగి పోయాడు కదా. ఒకడు విన్నాడు. అడుగు దూరంలో, కళ్లు గట్టిగా మూసుకుని, ఏడో పద్యం కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడు. ఆ పద్యాన్నే తను మింగేశాడు. ముసలాయన మనవరాలి వయసు పిల్ల ముందు గోడకు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. మల్లిక గాబరాపడి ఎంకమ్మను పిలిచింది. ఏడుపు ఆగాక "ఆడుదాం" అన్నాడు.

రిహార్సలుకు మొదటి ఆదివారం తాండూరు పోయాడు. ఈరయ్య ఇల్లు బండలకు పాలిష్ పట్టే మిషన్ల వీధిలో ఉంది. చెట్లు, గడపలు, ఆరేసిన బట్టలు, అన్నింటి మీదా తెల్లటి రాతి పొడి. అన్నేళ్లుగా ఏటా ఒకటి రెండుసార్లు వచ్చి పలకరించి పోతూనే ఉన్నాడు గానీ, ఈరయ్య భార్య బీరమ్మతో నాటకం మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆరోజు ఆమే ఎత్తింది. మల్లిక లోపల చీర కట్టుకుంటోంది. బీరమ్మ చాయ్ గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నా, నీకొక మాట చెప్పాలె. ముప్పై మూడేండ్లాయె, ఎవ్వలికీ చెప్పలే."

"చెప్పు చెల్లె."

"గా దినం ఆయన పది గంటలకు ఇంటికొచ్చిండు. ముఖం మీద రంగు అట్లనే ఉన్నది. ఏందయ్యా గీ అవతారం, కడుక్కో, పనికి యాళ్లయింది అన్న. కడుగొద్దు, భీమప్ప బావ వస్తడు, వచ్చి పేరు పిలుస్తడు, గప్పుడే కడుగుత అన్నడు. ఇంట్ల గింజలు లేవు. పోరలు ఏడుస్తున్నరు. నాకు కోపమొచ్చింది. తడిబట్ట తెచ్చి నేనే రుద్ది రుద్ది తుడిచిన. చిన్న పోరని లెక్క గింజుకున్నడు. తుడిచి, పనికి తోలిన." బీరమ్మ తన రెండు అరచేతులూ చూసుకుంది. "గీ చేతులతోటే తుడిచిన అన్నా. నువ్వు నాలుగు గంటలకు రానే వస్తివి. ఆయనను పిలుద్దామనే ఉరికొస్తివి గద. గంతసేపు ఆగనిస్తే నా మొగడు బతుకుతుండె."

భీమప్ప చేతిలో చాయ్ అట్లాగే చల్లారిపోయింది. కబురు విని వచ్చాను చెల్లె, పిలవడానికి కాదు, అని చెప్పాలి. పిలిచే ఉద్దేశమే లేకుండా జీపెక్కి పోయాను, అని చెప్పాలి. చెబితే ఆమె చేతుల మీదున్న పాపం తన చేతుల మీదికి వస్తుంది. రావాల్సింది అక్కడికే. కానీ ఈ ఇంట్లో ముప్పై మూడేళ్లుగా ఆయన దేవుడంతటి మనిషి. పిలవడానికి పరుగెత్తుకొచ్చిన స్నేహితుడు. నోరు తెరిచాడు. అప్పుడే మల్లిక చీర కట్టుకుని బయటికి వచ్చింది. "ఎట్లున్న తాతా?" అంది. బాగున్నావన్నాడు.

నాలుగు ఆదివారాలు రిహార్సల్ జరిగింది. నాలుగుసార్లూ బస్సులో పోయేటప్పుడు ఈరోజు చెప్పేస్తాను అనుకున్నాడు. నాలుగుసార్లూ చెప్పకుండా తిరిగొచ్చాడు. పక్క సీట్లో తువ్వాల, చెవిలో గాజులు. రెండో వారానికి చప్పుడు పగలు కూడా మొదలైంది. మూడో వారం బీరమ్మ జొన్నరొట్టె వడ్డిస్తుంటే ఆమె చేతుల వంక చూడలేక, ఆకలి లేదని లేచిపోయాడు. "ముసలితనంల గింత అలుగుడేందన్నా" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆయనకు కత్తిపోటే అయింది.

నాటకం రోజు సాయంత్రం నాలుగింటికి, ఇంకా ఎండ ఉండగానే తెర లేచింది. బడి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, పాలిష్ మిషన్ల దగ్గరి కూలీలు కొందరు. సగం మంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. కట్టుడు పళ్లు ఒకటి రెండు పద్యాల్లో ఈల వేశాయి, పిల్లలు కిసుక్కుమన్నారు. భీమప్ప పట్టించుకోలేదు. కత్తి ఎత్తాడు. ముప్పై మూడేళ్ల తర్వాత దించాడు. మల్లిక కూలిపోయింది, మెడ ఒకవైపు వాల్చి, ఎడమ చేయి చాచి, అచ్చం వాళ్ల తాత పడ్డట్టే. ఎవరు నేర్పారో తెలియదు. భీమప్ప ఒక్క క్షణం పద్యం మరిచిపోయాడు.

తర్వాత పదకొండూ పాడాడు. ఏడోది పాడేటప్పుడు గొంతు వణికించాల్సిన పనిలేకపోయింది. పాడుతూ పాడుతూ మల్లిక ముఖంలోకి చూశాడు. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. జనం విన్నారో లేదో ఆయన చూడలేదు.

తెర పడింది. వికారాబాదు నుంచి ఆటోలో వేసుకొచ్చిన ట్రంకుపెట్టె మీద మల్లిక కూర్చుంది. భీమప్ప చెంబు తీసుకున్నాడు. "తాండూరు మల్లికా" అన్నాడు. "తాండూరు మల్లికా" అన్నాడు. "తాండూరు మల్లికా!"

"ఉన్న తాతా" అంది మల్లిక నవ్వుతూ. చేతుల మీద నీళ్లు పోశాడు. ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోటోలు దిగడానికి స్నేహితుల దగ్గరికి పరుగెత్తింది.

తెర వెనక బీరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "గిట్లనా అన్నా పిలుస్తుంటివి?" అంది. "ఇంతే పనికి... నేను ఆగకపోతినే" అంటూ చేతులతో నెత్తి కొట్టుకుంది.

భీమప్ప ఆ చేతులు పట్టుకుని ఆపాడు.

"కొట్టుకోకు చెల్లె. నేను పిలుద్దామని రాలే. సచ్చిపోయిండని కబురొస్తే వచ్చిన. గా పొద్దున ఆయన పిలువ్ పిలువ్ అంటనే ఉన్నడు, నేను ఇని గూడ ఇననట్టు పోయిన. ఆయనకు శాలువ కప్పిండ్రు, నా పద్యం ఎవ్వలు ఇనలే. గా కుళ్లుతోటి పోయిన. నువ్వు సాయంత్రం దాక ఆపినా, మర్నాడు దాక ఆపినా, నేను రాకపోతుంటి. తప్పు నాది. నీ చేతులది గాదు."

బీరమ్మ ఆయన పట్టులోంచి చేతులు విడిపించుకుంది. ముసలి ముఖంలో మొదట ఏమీ కనబడలేదు, తర్వాత కోపం వచ్చింది, అది మామూలు కోపం కాదు.

"ముప్పై మూడేండ్లు" అంది. "నా ఇంట్ల కూసోని, నా చేతి రొట్టె తిని, గీ మాట చెప్పకపోతివి. నా చేతులను నేను తిట్టుకోని దినం లేదు. మనుమరాలికి నెత్తి దువ్వాలన్నా భయపడ్డ, గీ చేతులు దానికి తగులొద్దని. నువ్వు మనిషివేనా?"

భీమప్ప తల వంచుకున్నాడు. బయట మైకులో ఎవరో ధన్యవాదాలు చెబుతున్నారు. బీరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని ట్రంకుపెట్టె వైపు చూసింది.

"పిలువ్" అంది.

"ఏంది చెల్లె?"

"గప్పుడు పిలువలే గద. గిప్పుడు పిలువ్. నా ముంగట పిలువ్."

చెంబులో అడుగున ఇంకా నీళ్లున్నాయి. భీమప్ప దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ముప్పై మూడేళ్లలో మొదటిసారి ఈరయ్య కోసం ట్రంకుపెట్టె వైపు తిన్నగా చూశాడు. ఖాళీగా ఉంది. మూత మీద మల్లిక కడుక్కున్న అర్దళం నీళ్లు చారలు కట్టాయి.

"తాండూరు ఈరయ్యా" అన్నాడు. గొంతు లేవలేదు. "తాండూరు ఈరయ్యా." మూడోసారి రాజు గొంతు తీశాడు, గుట్ట మీంచి గొర్రెను పిలిచే గొంతు. "తాండూరు ఈరయ్యా!"

జవాబు లేదు. గాజుల చప్పుడూ లేదు. ఇద్దరూ వింటూ నిలబడ్డారు. మైకు ఆగింది. పాలిష్ మిషన్లు ఆదివారం కాబట్టి నడవడం లేదు. ఎక్కడా ఏమీ లేదు.

చెంబు ఏం చేయాలో భీమప్పకు తోచలేదు. పోయాల్సిన చేతులు లేవు. అప్పుడు బీరమ్మ ముందుకొచ్చి, రాతి పొడి పట్టి గరుకెక్కిన తన రెండు చేతులూ దోసిలి పట్టింది.

"గీ చేతుల మీద పొయ్" అంది.

పోశాడు. ఆమె చేతులు కడుక్కుంది. ఒకదానితో ఒకటి రుద్ది రుద్ది కడుక్కుంది. మళ్లీ ఆయన వైపు చూడకుండా వెళ్లిపోయింది. క్షమించిందో లేదో చెప్పలేదు, ఆయనా అడగలేదు. గేటు దగ్గర మల్లిక ఎదురొచ్చి ఏదో అడిగితే, ఆ పిల్ల తల మీద చేయి వేసి చెదిరిన జుట్టు సవరించింది.

వికారాబాదు బస్సు ఆరున్నరకు దొరికింది. ట్రంకుపెట్టె మల్లిక దగ్గరే వదిలేశాడు. అలవాటు ప్రకారం కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తువ్వాల వేశాడు. బస్సు కదిలింది. కళ్లు మూసుకున్నాడు. చప్పుడు లేదు. ఇంజను మోతలో కలిసిపోయిందేమో అనుకుని చెవి ఒగ్గి విన్నాడు. ముప్పై మూడేళ్లుగా ఏ చప్పుడుకు భయపడి నిద్ర మానుకున్నాడో, ఆ చప్పుడు కోసమే వెతుక్కున్నాడు. లేదు.

ధారూరులో ఒకామె ఎక్కింది. చంకలో పిల్లవాడు, చేతిలో సంచి. బస్సంతా నిండి ఉంది. తువ్వాల చూసి ఆగింది.

"ఈడ ఎవలన్న ఉన్నరా, పెద్దయ్యా?"

భీమప్ప ఆమెను చూశాడు, సీటును చూశాడు. తువ్వాల తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవ్వలు లేరు బిడ్డా, కూసో" అన్నాడు.

ఆ మాట తన నోట తాను విన్నాక గానీ ఆయనకు ఏడుపు రాలేదు.